ఆరు వారాల చీకటి

ముప్పై ఏడేళ్లు హమ్మర్‌ఫెస్ట్ రేవులో
తుప్పు వదిలించడమే నా ఉద్యోగం.
ఓడ పొట్ట కింద వెల్లకిలా పడుకుని
గాలి కొరికిన చోటల్లా గీకి, రుద్ది,
సిందూరం రంగు పూసేవాణ్ణి.
ప్రాణవాయువని పేరు పెట్టినవాళ్లెవరో
ఒక్క ఓడనైనా గీకి ఉండరు.
నా లెక్కలో అది దొంగ.
ఉప్పునీటితో చేతులు కలిపి
మందపాటి రేకును అప్పడంలా చేసి పోతుంది.

ఇప్పుడు నా గొంతు దిగువన, ముద్ద జారే దారిలో
ఏదో మొలిచింది.
ముందు ఎండు చేప అడ్డం పడింది,
తర్వాత రొట్టె, తర్వాత జావ,
మొన్నైతే నా ఉమ్మే నాతో పేచీ పెట్టుకుంది.

ట్రోమ్సో ఆసుపత్రిలో డాక్టర్ ఔస్‌లేగ్
చీటీ వెనక బొమ్మ గీసి చెప్పింది.
ముందు నరంలోకి ఒక మందు. చీకట్లో ఉన్నంతసేపూ అది సాధువు.
రెండు రోజులు ఒళ్లంతా తిరిగి
మిగతాచోట్ల నుంచి మెల్లగా జారుకుంటుంది,
గడ్డలో మాత్రం తిష్ఠ వేస్తుంది.
అప్పుడు గాజు దారం మీదుగా ఎర్రటి వెలుగు దించుతుందట.
వెలుగు మందును లేపుతుంది,
మందు పక్కనున్న ఆక్సిజన్‌కి పిచ్చెక్కిస్తుంది.

"పిచ్చెక్కి ఏం చేస్తుంది?"
"దొరికినదాన్నల్లా కొరుకుతుంది."
"ఎంతసేపు?"
"సెకనులో లక్షో వంతు కూడా బతకదు.
పుట్టిన చోటే కొరికి, అక్కడే పోతుంది."

నవ్వాను. నొప్పెట్టింది.
"అంటే, నా లోపల తుప్పు పట్టిస్తారన్నమాట."
ఆవిడ పెన్నుకు మూత పెట్టి, కాసేపాలోచించి,
"పట్టిస్తాను" అంది, "కొలిచి."

చిక్కల్లా ఒకటే.
ఆ మందు తోలులో కూడా కొంత ఆగిపోతుంది.
ఆరు వారాలు ఎండ పొడ తగలకూడదు.
వచ్చింది చూస్తే జూన్.
జూన్‌లో మా ఊరికి రాత్రి ఉండదు.
అర్ధరాత్రి దాటాక పిల్లలు బంతాట ఆడుతుంటే
సూర్యుడు నీళ్ల అంచుదాకా దిగి
తాళంచెవి మర్చిపోయినవాడిలా మళ్లీ పైకెక్కుతాడు.
నవంబరు దాకా ఆగితే ఊరంతా చీకటే కదా అన్నాను.
గడ్డ క్యాలెండరు చూడదంది ఔస్‌లేగ్.

ఎర్ర వెలుగు పట్టింది పన్నెండు నిమిషాలు.
నాకేమీ తెలీలేదు.
తెలిసిందంతా తర్వాతి వారం, ఛాతీ వెనక,
ఎవరో లోపల పడుకుని బ్రష్షుతో రుద్దుతున్నట్టు.

వెల్డింగు మాస్కు, తోలు గ్లవుజులు తొడుక్కుని
మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చాను.
పక్కింటి కుక్క నన్ను గుర్తుపట్టలేదు.
తూర్‌హిల్డ్ అప్పటికే కిటికీలన్నిటికీ
పడవ మీద కప్పే టార్పాలిన్ మేకులు కొట్టేసింది.
పూర్తి చీకటి కూడా పనికిరాదట.
మసక దీపమొకటి ఉండాలి,
ఆ కాస్త వెలుగే తోలులోని మందును
రోజుకింత వెలిసిపోయేలా చేస్తుందట.
టార్పాలిన్‌లో సూదిబెజ్జమంత చిల్లు,
గోడ మీద రూపాయంత ఎండ.
అది జరిగినప్పుడల్లా నేను కుర్చీ జరుపుకున్నాను.

ఓడ అడుగున జింకు దిమ్మ బిగిస్తాం.
ఉప్పు దాన్ని తింటూ ఇనుము జోలికి పోదు.
ఏడాదికి ఆ దిమ్మ బొరియలు పడి, చేతిలో పొడవుతుంది.
మాకు వచ్చేది ఒక్క వేసవి.
దాన్ని ఈమె నాతోపాటు మసకలో కూర్చుని
ఒకే మేజోడు అల్లుతూ, విప్పుతూ గడిపింది.
జింకు సంగతి ఆమెకు చెప్పలేదు.

నలభై మూడో రోజు. పిండి సంచికి
కత్తెరతో గుండ్రంగా చిల్లు చేసి
నా చెయ్యి అందులో దూర్చింది తూర్‌హిల్డ్.
టార్పాలిన్ మూల ఎత్తి పట్టుకుంది.
పది నిమిషాలు, గుడ్లు ఉడికించే గడియారం పెట్టుకుని.
చేతి వెనక, నరాలూ మచ్చలూ ఉన్న ఆ వలయంలో
నలభై మూడు రోజుల తర్వాతి ఎండ.
వెచ్చగా ఉంది. వెచ్చగా మాత్రమేనా
అనేది రేపు ఈ వేళకి గాని తేలదట.

మూల దించేసి, సంచి మడత పెట్టి,
జావ తెచ్చింది.
మూడో చెంచాకి గాని గుర్తు రాలేదు,
దిగుతోందని.